జీపు బాగుచేయిద్దామంటే బగ్గీ అయింది, బిల్లు దాదాపు మూడింతలైంది

ప్రశ్న: మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. నిరుడు సంక్రాంతి ముందు ఒక రిటైర్డ్ ఉద్యోగి దగ్గర 1994 మోడల్ మహీంద్రా జీపు 85 వేలకు కొన్నాను. పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు తీసుకున్నాను గానీ ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. దాని గడువు కూడా ఎప్పుడో అయిపోయింది. బ్రేకులు, పెయింటు, సీట్లు చేయిస్తే చాలనుకుని షెడ్డులో ఇచ్చాను. మెకానిక్ నోటిమాటగా లక్షా అరవై వేలు, నాలుగు నెలలు అన్నాడు. ఫ్లోర్ విప్పితే అంతా తుప్పే. "ఎలాగూ కోయాల్సిందే, బీచ్ బగ్గీలా చేసేద్దాం" అన్నాడు. నాకూ సరదా పుట్టింది. టాప్, తలుపులు తీసేసి పైపులతో రోల్ కేజ్ (బండి బోల్తాపడితే లోపలివాళ్లను కాపాడే చట్రం) కట్టారు. వెడల్పాటి టైర్లు వేశారు. పాత ప్యూజో ఇంజిన్ తీసి ఆటోనగర్ నుంచి బొలెరో ఇంజిన్ తెచ్చి పెట్టారు. వాట్సాప్‌లో ఫొటోలు పంపేవాడు, నేను "సూపర్ అన్నా" అని పెట్టేవాణ్ణి. పద్నాలుగు నెలలైంది. ఇప్పుడు బిల్లు 4,35,000 అంటున్నాడు. 2,90,000 ఇచ్చాను. మిగతాది ఇస్తేగానీ బండి ఇవ్వడట, నెలాఖరు దాటితే రోజుకు 300 షెడ్డు అద్దె వేస్తాడట, అప్పటికీ ఇవ్వకపోతే స్క్రాప్‌కు అమ్మేస్తాడట. పోలీస్ కంప్లయింట్ ఇవ్వవచ్చా? బండి సూర్యలంక బీచ్ ఇసుకలో తప్ప రోడ్డు మీద నడపను కాబట్టి ఆర్‌సీ గొడవ ఉండదు కదా? వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చని ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా?

జవాబు: మీ టెన్షన్ అంతా మెకానిక్ గురించి. నాకు మాత్రం ఆర్‌సీ గురించే ఎక్కువ భయంగా ఉంది. మెకానిక్‌తో గొడవ ఎంత ముదిరినా లక్షన్నర లోపు లెక్క. ఆర్‌సీ సంగతి అలా కాదు. అయినా బండి ముందు షెడ్డులోంచి బయటికి రావాలి కాబట్టి డబ్బు సంగతే మొదట చూద్దాం.

నోటిమాట ఒప్పందం చెల్లదని చాలామంది అనుకుంటారు. చెల్లుతుంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ఇలాంటి పనికి కాగితం ఉండాలని ఎక్కడా అడగదు. కాకపోతే ఏ రోజు ఏ పనికి ఒప్పుకున్నారన్నది రుజువు చేయడమే కష్టం. మీ విషయంలో ఒప్పందం ఒకటి కాదు, పది పన్నెండు ఉన్నాయి. మొదటిది బ్రేకులు, పెయింటు, సీట్లు, 1,60,000. ఆ తర్వాత ఫొటో వచ్చిన ప్రతిసారీ మీరు పెట్టిన "సూపర్ అన్నా" ఒక్కొక్కటీ ఒక్కో ఒప్పుకోలు కిందకే వస్తుంది. రేటు మాట్లాడుకోకుండా ఒకరి చేత పని చేయించుకుని, దాని ఫలితం అనుభవిస్తే న్యాయమైన ధర ఇవ్వాలని అదే చట్టంలో సెక్షన్ 70 చెబుతోంది. కాబట్టి "లక్షా అరవై అన్నాడు, ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వను" అనే వాదన నిలబడదు. మీకు చెప్పకుండా, ఫొటో కూడా పంపకుండా చేసిన పని ఏదైనా బిల్లులో ఉంటే దానికి మాత్రం గట్టిగా అభ్యంతరం చెప్పవచ్చు. అలాగే రేటు ముందు చెప్పలేదు కాబట్టి తోచిన అంకె వేయడం కుదరదు. బజారులో ఆ పనికి ఎంత పడుతుందో అంతే.

ఆ చాట్ మొత్తం ఇప్పుడే ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, ఫోన్ మార్చినా పోకుండా. అవసరమైతే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో కోర్టులో పెట్టవచ్చు. మీకు అనుకూలంగా ఉన్నవి మాత్రమే తీసి ఇస్తే అవతలి లాయరు మిగతావి చదివి వినిపిస్తారు. ఆ అవకాశం ఇవ్వవద్దు.

బండి పట్టుకోవడానికి ఆయనకు హక్కుందా అంటే, ఉంది. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 170 ప్రకారం మీరు అప్పగించిన వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవాడు ఆ పనికి రావాల్సిన కూలి అందేదాకా వస్తువును తన దగ్గరే ఉంచుకోవచ్చు. చట్టంలోనే ఒక దర్జీ ఉదాహరణ ఇచ్చారు. కోటు కుట్టగానే ఇచ్చేస్తాను, డబ్బు మూడు నెలల తర్వాత ఇవ్వండి అని దర్జీ ముందే ఒప్పుకుని ఉంటే, కుట్టాక డబ్బు కోసం కోటు ఆపడానికి వీల్లేదు. మీ చాట్‌లో "మిగతాది నిదానంగా ఇద్దురులే" లాంటి మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే మీరే ఆ దర్జీ దగ్గరి ఖాతాదారు.

కానీ పట్టుకునే హక్కు వేరు, అమ్ముకునే హక్కు వేరు. నోటీసు ఇచ్చి అమ్మే హక్కు కుదువ పెట్టించుకున్నవాడికి సెక్షన్ 176 కింద ఉంది, మరమ్మతు చేసినవాడికి లేదు. మీ మెకానిక్ బండిని గానీ, దాని భాగాల్ని గానీ స్క్రాప్‌కు అమ్మితే అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద నమ్మకద్రోహం అవుతుంది. పోలీస్ స్టేషన్‌కు వెళ్లాల్సిన సందర్భం అది. ఈరోజు వెళితే "సివిల్ మేటర్, మాట్లాడుకోండి" అంటారు, ఆ మాట తప్పేమీ కాదు. రోజుకు 300 అద్దె కూడా ముందు ఒప్పుకోని అంకె. తన బాకీ కోసం తానే బండి ఆపుకుని, ఆపినందుకు మీ దగ్గర అద్దె అడగడం బలమైన వాదన కాదు.

ఇంకో మాట. మీ ఉత్తరంలో ఎక్కడా లేదు గానీ, ఆ పాత ప్యూజో ఇంజిన్ ఇప్పుడు ఎక్కడుంది? తీసేసిన తలుపులు, టాప్, పాత టైర్లు? అవన్నీ మీ సొత్తు. ఆయన అమ్ముకుని ఉంటే ఆ డబ్బు బిల్లులో తగ్గాలి. అమ్మకుండా ఉంటే రేపే వెళ్లి ఫొటో తీసుకోండి. డబ్బు కోసమే కాదు, ఎందుకో కింద చెబుతాను.

ఇక ఆర్‌సీ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒక్క ముక్కలో చెప్పేదేమిటంటే, కంపెనీ ఇచ్చిన వివరాలకూ బండికీ తేడా వచ్చేలా యజమాని మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఇదే స్పష్టం చేసింది. మీ బండిలో బాడీ పోయింది, ఇంజిన్ మారింది, రోల్ కేజ్ వచ్చింది. సెక్షన్ 182ఎ(4) ప్రకారం యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ. "ఒక్కో మార్పుకు" అన్న మాట గమనించండి. మీ మెకానిక్ కూడా "అంతా ఓనర్ రిస్కే" అని చేతులు దులుపుకోలేడు. ఇదే చట్టం సెక్షన్ 2(8)లో డీలర్ అంటే బండ్లు రిపేరు చేసేవాడు, బాడీలు కట్టేవాడు కూడా అని ఉంది. నిబంధనలకు విరుద్ధంగా బండిని మార్చిన డీలరుకు 182ఎ(1) కింద శిక్ష వేరే ఉంది. ఈ మాట మీ మనసులో ఉంచుకోండి, నోటీసులో బెదిరింపుగా రాయించకండి. ఎందుకంటే కేసు ఇద్దరి మీదా పడుతుంది. చట్టం వద్దన్న పని కోసం చేసుకున్న ఒప్పందం కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 23 కింద చెల్లదని మీరు వాదిస్తే, ఆ పనికి ఇప్పటికే ఇచ్చిన డబ్బు వాపసు అడగడం మీకే కష్టమవుతుంది.

బొలెరో ఇంజిన్ కూడా మహీంద్రాదేగా అంటారేమో. ఒకే కంపెనీ అయితే సరిపోదు, అదే రకం కావాలి, అధికారి అనుమతి ఉండాలి. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబర్ వేరు, బండిలో ఉన్నది వేరు. రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) బానెట్ ఎత్తగానే చూసేది అదే. పాత ఇంజిన్ దొరకాలని అందుకే అన్నాను. బండిని తిరిగి ఆర్‌సీలో ఉన్నట్టు చేయడమే నాకు కనిపిస్తున్న శుభ్రమైన దారి. పైగా ఆటోనగర్ ఇంజిన్‌కు బిల్లుందా? అది ఏ బండిలోంచి వచ్చిందో కాగితం ఉందా? దొంగ బండిదైతే పోలీసులు బండి మొత్తం తీసుకెళతారు, న్యాయ సంహితలో దొంగసొత్తు గురించిన సెక్షన్ 317 మీకూ తగులుకోవచ్చు. కొన్న షాపు బిల్లు, పాత బండి వివరాలు లేకుండా ఆ ఇంజిన్‌కు ఒక్క రూపాయి లెక్క కట్టవద్దు.

ఇసుకలో నడిపితే రోడ్డు కాదుగా అన్నారు. చట్టంలో ఉన్న మాట రోడ్డు కాదు, బహిరంగ స్థలం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(34) ప్రకారం జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా సరే. సూర్యలంక బీచ్‌కు ఆదివారం ఎంతమంది వస్తారో నాకంటే మీకే తెలుసు. రిజిస్ట్రేషన్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ రెండూ అక్కడా కావాల్సిందే. ఇన్సూరెన్స్ లేని బండి ఎవరికైనా తగిలితే నష్టపరిహారం మొత్తం చేతినుంచి కట్టాలి. పైగా ఆ తీరంలో చలికాలం చివరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. వన్యప్రాణి చట్టంలో అవి మొదటి షెడ్యూలు జీవులు, గుడ్లను పాడుచేయడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. రాత్రిపూట వెడల్పాటి టైర్లతో ఇసుకలో తిరిగేవాడికి ఆ గూళ్లు కనిపించవు.

పూర్తిగా కంచె వేసిన సొంత తోటలో మాత్రమే, బయటికి రాకుండా నడుపుకుంటానంటే అది వేరే సంగతి. అలాంటి ఆవరణలోనే వాడేలా తయారైన బండి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28)లోని మోటారు వాహనం నిర్వచనం బయట ఉంటుంది. అప్పుడు కూడా ఉన్న ఆర్‌సీని సరెండర్ చేయాలి. ఇక ఆ బండి ఎన్నటికీ మామూలు జీపు కాదు. ఆలోచించుకోండి.

ఈ బగ్గీ సరదా పుట్టింది కాలిఫోర్నియాలో. 1964లో బ్రూస్ మేయర్స్ అనే ఆయన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ భాగాలతో ఫైబర్ బాడీ బగ్గీ తయారు చేశాడు. అక్కడ ఇంట్లో కట్టుకున్న బండిని కూడా రిజిస్టర్ చేయించుకునే పద్ధతి ఒకటి ఉంది. మనకు కొత్త నమూనా రోడ్డెక్కాలంటే పుణేలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలో పరీక్ష కావాలి. అది కంపెనీలు చేయించుకునే పని, మీ షెడ్డుతో అయ్యేది కాదు.

వింటేజ్ మాట మర్చిపోండి. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. మీది 2044లో గానీ అక్కడికి రాదు. వచ్చినా ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చని బండికే ఆ అవకాశం.

పేరు మార్పిడి వెంటనే చేయించండి. కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి, మీరు ఏడాది దాటించారు, ఆలస్యపు ఫీజు పడుతుంది. ఈ మధ్యలో ఏ ప్రమాదం జరిగినా ఆర్‌సీలో పేరున్న ఆ రిటైర్డ్ పెద్దాయనే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పాపం, 85 వేలకు బండి అమ్మి ఆయన నిశ్చింతగా ఉన్నారు.

ఇప్పుడు చేయాల్సిన పని చెబుతాను. లాయరు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పనివారీ బిల్లు, కొన్న సామాన్ల బిల్లులు, తీసేసిన భాగాలు అడగండి. బండి అమ్మవద్దని రాయించండి. మీ లెక్కలో న్యాయంగా ఇవ్వాల్సింది ఎంతో చెప్పి అది ఇస్తానని అందులోనే పెట్టండి. దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు నివసించే చోటే వేయవచ్చు, 5 లక్షల లోపు చెల్లింపుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. వివాదంలో ఉన్న సొమ్ము కమిషన్‌లో డిపాజిట్ చేస్తాను, బండి ఇప్పించండి అని మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. కానీ కమిషన్ ముందు ఆ కోసిన బండి ఫొటోలు మీరే పెట్టాలి. అందుకే నేనైతే ముందు న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (కేసు వేయకముందే రాజీ కోసం) దరఖాస్తు ఇస్తాను. ఖర్చు లేదు, ఇద్దర్నీ కూర్చోబెడతారు. అక్కడ కుదిరిన రాజీ లోక్ అదాలత్ అవార్డుగా వస్తే కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. రాజీలో డబ్బుతోపాటు పాత ఇంజిన్ తిరిగి ఎక్కించే పని కూడా ఆయన చేత రాయించుకోండి.

బండి తీసుకునే రోజు స్టీరింగ్ పట్టుకోవద్దు, ట్రాలీ మీద ఎక్కించండి. ఎక్కించే ముందు కిరసనాయిలు గుడ్డతో ఛాసిస్ నంబర్ తుడిచి, ఆర్‌సీ పక్కన పెట్టుకుని అంకె అంకె చదవండి. ఫొటో తీయండి. తుప్పు ముక్క కోసి కొత్త పట్టీ వెల్డింగ్ చేసేటప్పుడు ఆ నంబర్ పోయే ప్రమాదం ఉంది. ఒక్క అంకె తేడా ఉన్నా ఆ రోజు డబ్బు ఇవ్వకండి, బండి కదిలించకండి. మర్నాడు ఆర్టీవో ఆఫీసుకు మీరే వెళ్లి రాతపూర్వకంగా తెలియజేసి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.