చార్టులో బురద ఏది?

బిడ్డా,

ఎనిమిదో తరగతికి పర్యావరణ వ్యవస్థ పాఠం మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన చార్టు ఫొటో కూడా చూశాను. నాచు, దాన్ని తినే పురుగు, పురుగును తినే పరక చేప, పరకను మింగే కొరమీను, పైన కొంగ. బాగుంది గానీ అడుగున బురద ఏది? నేనూ చాలా ఏండ్లు బురద లేకుండానే పాఠం చెప్పాను, అందుకే అడుగుతున్నా.

బ్రిటన్ వృక్షశాస్త్రవేత్త టాన్స్‌లీ 1935లో ఎకోసిస్టం, అంటే పర్యావరణ వ్యవస్థ, అనే మాట వాడిందే మట్టినీ నీటినీ ప్రాణులతో కలిపి చూడమని. 1942లో లిండెమన్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని ఒక చిన్న సరస్సు మీద రాసిన వ్యాసంలో ఎవరు ఎవరిని తింటారో పటం గీశాడు. దాని నట్టనడుమ ఉన్నది బురదే.

పిల్లలకు బురద చూపించడానికి పానగల్లు ఉదయసముద్రం చెరువు దాకా పోకు, బస్సు ఖర్చు దండగ. మీ ఊరి కుంట చాలు. పూడిక తీసిన గుంతలు పైకి కనపడవు, పిల్లల్ని నీళ్లలోకి అస్సలు దిగనివ్వకు. ఒడ్డునే దోసెడు బురద తీసి పళ్లెంలో పెట్టు. కుళ్లిన గుడ్డు వాసనకు ముక్కులు మూసుకుంటారు, మూసుకోనీ. అందులో పాత కానుగాకు దొరికితే వెలుతురుకు పట్టి చూపించు. మెత్తనిదంతా పోయి ఈనెలే జల్లెడలా మిగులుతాయి. పురుగులూ సూక్ష్మజీవులూ తినగా ఆకులోని నత్రజని, భాస్వరం బురదలో చేరతాయి. మన రైతులు ఎండాకాలం చెరువు మట్టి చేన్లకు తోలుకునేది దీనికోసమే. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక ట్రాక్టర్లతో తోలారు, మా చిన్నప్పుడు ఎడ్లబండ్లు.

పోషకాలు ఇట్లా తిరుగుతుంటాయి, శక్తి తిరిగిరాదు. ఆహారపు గొలుసులో మెట్టు మెట్టుకూ సుమారు పదోవంతే పైకి చేరుతుంది. కుంట మీద కొంగలు నాలుగైదే ఎందుకుంటాయో అప్పుడు పిల్లల్ని అడుగు.

నేను చేసిన తప్పు మాత్రం చేయకు. ఒక శనివారం గాజు సీసాలో కుంట నీళ్లు, నాచు, రెండు పరకలు వేసి, మూత బిగించి బీరువాలో పెట్టాను. సోమవారానికి రెండూ వెల్లకిలా తేలాయి. "నాచు ఉంది కద సార్, గాలి ఇయ్యలేదా?" అంది ముందు బెంచీ పిల్ల. నాకు జవాబు తట్టక "రేపు చెప్తా" అన్నాను. చీకట్లో నాచు ప్రాణవాయువు ఇవ్వదు, అది కూడా పీల్చుకుంటుంది. చేన్ల ఎరువు కొట్టుకొచ్చి నాచు ముసిరిన చెరువుల్లో చేపలు తెల్లవారుజామునే నోళ్లు తెరుచుకుని పైకి తేలేది ఈ లెక్కనే.

సద్దుల బతుకమ్మ మర్నాడు ఒకసారి, వారం తర్వాత మరోసారి కుంట దగ్గరికి తీసుకెళ్లు. గునుగు ముందు కుళ్లిందా, తంగేడా, బంతా, వాళ్లే చూసి రాసుకుంటారు. పాత నోటుబుక్కులే తెచ్చుకోమను, ఎట్లాగూ తడుస్తాయి.

మీ పెదనాన్న