డిశ్చార్జ్ కాగితంలో అఫేజియా, అప్రాక్సియా అని ఉంటే అర్థం ఏమిటి?

మీ మామయ్యగారి డిశ్చార్జ్ సమ్మరీలో 'లెఫ్ట్ ఎంసీఏ ఇన్‌ఫార్క్ట్, రైట్ హెమిప్లీజియా, గ్లోబల్ అఫేజియా, డిస్‌ఫేజియా, అప్రాక్సియా' అని ఉందని, ఇంట్లో అందరూ "మతి పోయింది" అంటున్నారని రాశారు. అఫేజియా అంటే మతి పోవడం కాదండీ. నేను డాక్టర్‌ని కాదు. ఆరేళ్ల క్రితం మా నాన్నకు స్ట్రోక్ వచ్చినప్పుడు దాదాపు ఇవే మాటలున్న కాగితం మా చేతిలో పెట్టారు. అవి అర్థం కాక చేసిన తప్పులకు నాన్న బాధపడ్డారు, అందుకే రాస్తున్నాను.

ముందు డిస్‌ఫేజియా చూడండి, ఎందుకంటే దీనికి ఆగే టైం లేదు. పలకడానికి ఒకేలా ఉండే మాటలు రెండున్నాయి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చివర్లో 'ఎస్' ఉంటే అది మాటకు సంబంధించిన ఇబ్బంది, 'జి' ఉంటే మింగడానికి సంబంధించినది. మాకు 'జి' ఉన్నదే రాశారు. నేను మాట గురించే అనుకున్నాను. ఇంటికొచ్చిన మూడో రోజు అమ్మ గ్లాసుతో మజ్జిగ పట్టింది, నాన్నకు పొలమారింది. రెండు రోజులకు జ్వరం, ఆయాసం. మజ్జిగ గాలిగొట్టంలోకి పోయి న్యుమోనియా అయిందన్నారు. మళ్లీ పది రోజులు ఆసుపత్రి. డిశ్చార్జ్ చేసేటప్పుడు ఒక్కరైనా ఆ మాట విడమరిచి చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. నీళ్లలాంటి పల్చటివే చాలామందికి ఎక్కువ ప్రమాదం. దగ్గు రాలేదు కదా అని ధైర్యపడకండి, దగ్గు రాకుండా కూడా లోపలికి జారిపోతుంది. ఎంత చిక్కగా పెట్టాలో, ఎలా కూర్చోబెట్టి పెట్టాలో స్పీచ్ థెరపిస్ట్ చూసి చెప్పాలి. మింగడం పరీక్షించేది కూడా వాళ్లేనని నాకు అప్పుడే తెలిసింది. రెండు మాటలూ కలవకుండా 'భాష', 'భక్షణ' అని గుర్తు పెట్టుకున్నాను.

'లెఫ్ట్ ఎంసీఏ ఇన్‌ఫార్క్ట్' అంటే ఎడమ మెదడుకు రక్తం తీసుకెళ్లే ఒక పెద్ద ధమని మూసుకుపోయి, అక్కడి భాగం చచ్చుబడిందని. ఎడమ మెదడు కుడి కాలూచేతుల్ని నడిపిస్తుంది కాబట్టి దెబ్బ కుడివైపు కనిపిస్తుంది. 'హెమి' అంటే ఒంట్లో ఒక పక్క సగం. 'ప్లీజియా' అంటే కదలిక పూర్తిగా పోవడం, 'పరేసిస్' అంటే బలం తగ్గడం. మనం రెండింటినీ పక్షవాతం అనేస్తాం. తర్వాతి కాగితంలో ప్లీజియా పోయి పరేసిస్ వస్తే, అది మెరుగుదలే.

ఇక అఫేజియా. ఇందులోని 'అ' మన 'అశక్తి'లోని 'అ'కు చుట్టమే, లేదని అర్థం. 'డిస్' కూడా మన 'దుస్సాధ్యం'లోని 'దుస్'కు బంధువే, కష్టమని అర్థం. చాలామంది కుడిచేతి వాటం వాళ్లకు భాష ఎడమ మెదడులో ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే మాట దొరకదు, లేదా విన్నది అర్థం కాదు. తెలివి, జ్ఞాపకం, మనుషుల మీద ప్రేమ అలాగే ఉండొచ్చు.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్‌గా రిటైరయ్యారు. స్ట్రోక్ తర్వాత ఆయన నోట వచ్చిన మాట ఒక్కటే, "రైట్". కాఫీ కావాలా అంటే రైట్, నొప్పిగా ఉందా అంటే రైట్. అది 'ఔను' అనుకుని మేం కాఫీ ఇచ్చేవాళ్లం, ఆయన ఎడమ చేత్తో గ్లాసు తోసేసేవారు. కోపం పెరిగిందన్నారు బంధువులు. అది కోపం కాదు, కాదని చెప్పడానికి ఆయన దగ్గర మాట లేదు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా చూసిన రోగి కూడా అంతే, ఏమడిగినా "టాన్" అనేవాడు. అతను చనిపోయాక మెదడు చూస్తే ఎడమ ముందుభాగంలో దెబ్బ కనిపించింది. అర్థం కొంత బాగానే ఉండి మాట పెగలకపోతే, ఆ బ్రోకా పేరుతోనే బ్రోకాస్ అఫేజియా అంటారు. మాట గలగలా వస్తూ అర్థం లేకుండా ఉంటే, విన్నదీ సరిగా అందకపోతే, అది వెర్నికీస్ అఫేజియా. గ్లోబల్ అంటే మాట్లాడటం, అర్థం చేసుకోవడం రెండూ దెబ్బతిన్నాయని.

ఒక రోజు స్పీచ్ థెరపిస్ట్ నాన్నతో పాటు "విజయవాడ, కంకిపాడు..." అని మొదలుపెట్టింది. నాన్న "ఉయ్యూరు, పామర్రు, మచిలీపట్నం" అని ఆగకుండా చెప్పేశారు. అమ్మ గుమ్మం పట్టుకుని ఏడ్చేసింది. వేల సార్లు అన్న వరసలు, ఎక్కాలు, వారాల పేర్లు, రోజూ చదివే స్తోత్రాలు, పాటలు చాలామందికి మిగిలే ఉంటాయట. మీ మామయ్యగారితో అలాంటివి ప్రయత్నించండి. ఔను, కాదు అనడానికి బొటనవేలు పైకి, కిందికి చూపించడం నేర్పండి.

అప్రాక్సియా అంటే కండరాలకు బలం ఉన్నా, పని ఎలా చేయాలో తట్టకపోవడం. నాన్న బాగున్న చేత్తోనే దువ్వెన తీసుకుని పళ్లు తోముకోబోయారు. నవ్వకండి, తిట్టకండి. చెయ్యి పట్టుకుని మొదటి కదలిక చేయిస్తే మిగతాది ఒక్కోసారి అదే వస్తుంది. ఇలాంటి కాగితాల్లో కనిపించే డిసార్త్రియా వేరు. అందులో మాటలు సరిగ్గానే తడతాయి, నాలుక, పెదవుల బలహీనత వల్ల ముద్దగా వస్తాయి. అగ్నోసియా అంటే కళ్లు చూస్తున్నా వస్తువేదో గుర్తుపట్టలేకపోవడం.

మీ కాగితంలో లేదు గానీ, 'నెగ్లెక్ట్' గురించీ చెప్పాలి, అంటే ఒక పక్కన ఉన్నవాటి మీదికి ధ్యాసే పోకపోవడం. పక్క బెడ్‌లో కుడి మెదడు దెబ్బతిన్న ఒక పెద్దాయన కంచంలో కుడిసగం మాత్రమే తినేవారు. ఆకలి లేదనుకున్నారు ఇంట్లోవాళ్లు. నర్సు కంచం తిప్పగానే మిగతాదీ తినేశారు.

ఆ కాగితం జాగ్రత్తగా ఉంచండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మాట, భాష వైకల్యం ఒకటి, దాని నిర్వచనంలో అఫేజియా పేరు నేరుగా ఉంది. ముందు ముందు సర్టిఫికెట్‌కు వెళ్తే నడక గురించే చెప్పి ఊరుకోకండి, అఫేజియా కూడా అడిగి రాయించండి.

గ్లోబల్ అని చూసి ఇప్పుడే ఆశ వదులుకోకండి. అది మొదటి రోజుల్లో రాసిన మాట. మా నాన్నకూ మొదట గ్లోబల్ అనే రాశారు, నాలుగు నెలలకు బ్రోకాస్ అని మార్చారు. మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేయించి, కొత్త కాగితంలో ఏ మాట రాశారో చూడండి.