మంచు మీద ఆక్టోపస్

ప్రశ్న: మేం డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉంటాం. పదో క్లాసు చదివే మా అబ్బాయి ఫ్రెండ్స్‌తో ఐస్ హాకీ మ్యాచ్‌కి వెళ్లి ఆక్టోపస్ విసురుతాడట! ‘ఇక్కడి సంప్రదాయం’ అంటాడు. అసలే మేం శాకాహారులం. ఇదేం క్రీడా మర్యాదండీ?
– ఒక తల్లి, మిషిగన్

జవాబు: సంప్రదాయం అన్నమాట నిజమేనమ్మా. 1952 ఏప్రిల్ 15న చేపల కొట్టు నడిపే కుసిమానో అన్నదమ్ములు డెట్రాయిట్ ఒలింపియా స్టేడియంలో మొదటి ఆక్టోపస్ విసిరారు. అప్పట్లో హాకీ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ రావాలంటే ప్లేఆఫ్స్‌లో 8 మ్యాచ్‌లు నెగ్గాలి. ఆక్టోపస్‌కి ఎనిమిది చేతులు కదా, అదీ లెక్క. డెట్రాయిట్ జట్టు రెడ్ వింగ్స్ ఆ ఏడు ఎనిమిదికి ఎనిమిదీ గెలిచింది. ఇక జనం ఊరుకుంటారా! ఇప్పుడు 16 నెగ్గాలి, ఆ లెక్కన రెండు విసరాలి. ఈ మాట మాత్రం మీవాడి చెవిన వేయకండి.

నేనైతే ఏం విసిరారని అడగను. ఎప్పుడు, ఎవరి మీదకి అని అడుగుతాను. ఒకే ఆటగాడు మూడు గోల్స్ కొడితే టోపీలు కురుస్తాయి. క్రిస్మస్ రోజుల్లో కొన్ని ఊళ్లలో సొంత జట్టు తొలి గోల్‌కి టెడ్డీబేర్లు విసురుతారు, వాటిని ఏరి పిల్లలకు పంచుతారు. ఆట ఆగాక జరిగే ముచ్చట్లివి, ఎవరికీ నష్టం లేదు.

ఫ్లోరిడా జట్టు అభిమానులు మాత్రం శ్రుతి మించారు. 1996లో తమ జట్టు గోల్ కొడితే చాలు, ప్లాస్టిక్ ఎలుకలు వందల కొద్దీ మంచు మీద పడేవి. అవన్నీ ఎత్తేదాకా ఆటగాళ్లు నిలబడాల్సిందే. దాంతో హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్ రూలు బిగించింది: హెచ్చరించాక కూడా విసిరితే సొంత జట్టుకే రెండు నిమిషాల పెనాల్టీ. 2016లో ఫ్లోరిడాకి ఆ శిక్ష పడనే పడింది. అభిమానులే తమ జట్టుని ఒకడు తక్కువతో ఆడించారన్నమాట! 1996లోనే ఈడెన్ గార్డెన్స్‌లో సీసాలు విసిరి, సెమీఫైనల్‌ని శ్రీలంకకు అప్పగించేలా చేసిన మనవాళ్ల సంగతి సరేసరి.

ఇక 2011లో కెనడాలోని లండన్‌లో నల్లజాతి ఆటగాడు వేన్ సిమండ్స్ గోల్ వైపు దూసుకెళ్తుంటే ఎవడో అరటిపండు విసిరాడు. అయినా ఆయన గోల్ కొట్టాడు. అలాంటివాడు పక్క సీట్లో ఉంటే వెంటనే సెక్యూరిటీని పిలవమని మీ అబ్బాయికి చెప్పండి.

ఆక్టోపస్ వద్దనండి. సిబ్బంది చూస్తే బయటికి పంపేస్తారు, టికెట్ డబ్బులు దండగ. ఒకే ఆటగాడు మూడో గోల్ కొడితే టోపీ విసరనివ్వండి, దానికి రూలే మినహాయింపు ఇచ్చింది. పాతది పెట్టుకెళ్లమనండి, తిరిగి రాదు.