పంతొమ్మిది రోజులు మానాను, పెద్దకర్మ నాడు మళ్ళీ మొదలైంది

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. విజయనగరం దగ్గర జూట్ మిల్లులో షిఫ్టు పని. రోజుకు పదిహేను సిగరెట్లు. లేవగానే, పళ్ళు తోముకోకముందే ఒకటి పడాలి. సిరిమాను రోజున పైడితల్లమ్మకు మొక్కుకుని మానేశాను. నిద్ర లేదు, ఇంట్లో అందరి మీదా విసుగు. పంతొమ్మిదో రోజున పెదనాన్న పెద్దకర్మలో మా బావ ఒకటి చేతిలో పెట్టాడు. అంతే. మధ్యలో నికోటిన్ గమ్ కొన్నాను. గొంతు మంట, ఎక్కిళ్ళు వచ్చి పారేశాను. అదీ అలవాటైపోతుందంటున్నారు. ‘మీకు మనసు గట్టిది కాదు’ అంటుంది మా ఆవిడ. మా అమ్మకు 71. శ్రీకాకుళం సముద్రపు ఒడ్డున పుట్టింది, ఇప్పటికీ అడ్డపొగ తాగుతుంది. ఆవిడకేం కాలేదు కదా?

జవాబు: ఏ ఆసరా లేకుండా పంతొమ్మిది రోజులు ఆగిన మనిషిది గట్టి మనసు కాదంటే నేనొప్పుకోను. ఈ ముక్క మీ ఆవిడకు చదివి వినిపించండి. నేనూ తాగినవాణ్ణే. రోగికి మానమని చెప్పి, వెనక వరండాలోకి వెళ్ళి వెలిగించేవాణ్ణి. నాలుగోసారికి గానీ వదల్లేదు.

పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. రక్తంలో అది రెండు గంటలకోసారి సగానికి పడిపోతుంది. రాత్రి నిద్రలో దాదాపు అడుగంటుతుంది. తెల్లారి బ్రష్షు కంటే ముందు అగ్గిపెట్టె వెతుక్కునేది అందుకే. లేచిన అరగంటలోపు తాగేవారికి 2 మిల్లీగ్రాముల గమ్ చాలదు, 4 కావాలి. 2 చీటీ లేకుండా ఇస్తారు, 4కు డాక్టరు చీటీ ఉండాలి. మీరు కొన్నది బహుశా 2.

పైగా దాన్ని పిల్లలు తినే బబుల్‌గమ్‌లా నమిలేసి ఉంటారు. అలా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది. మంట, ఎక్కిళ్ళు దానివల్లే. మెల్లగా నమిలి, నాలుకకు చురుక్కుమనగానే ఆపి, కిళ్ళీలా బుగ్గన పెట్టుకోండి. చురుకు తగ్గాక మళ్ళీ రెండుసార్లు నమిలి, ఈసారి రెండో బుగ్గన. ఇలా అరగంట. నమలడానికి పావుగంట ముందు నుంచీ టీ, కూల్‌డ్రింక్ వద్దు. అవి నోట్లో ఉంటే మందు ఒంటికి పట్టదు. మొదటి ఆరు వారాలూ గంటకో రెండు గంటలకో ఒకటి, ఆ తర్వాత తగ్గించుకుంటూ మొత్తం మూడు నెలలు. పిసినారితనం చేసి రోజుకు రెండే తింటే మళ్ళీ కిళ్ళీ కొట్టు దగ్గరే తేలతారు. కేన్సరు తెచ్చేది పొగలోని విషాలు, నికోటిన్ కాదు. గమ్ అలవాటైనా దాన్ని మాన్పించడం నాకు తేలిక. ఒంటికి అంటించుకునే ప్యాచ్ కూడా కలిపితే ఇంకా బాగా పనిచేస్తుంది. వరెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలూ ఉన్నాయి, కానీ అవి డాక్టరు చూసి రాయాల్సినవి.

నిద్ర సంగతి. పొగ తాగేవారి ఒంట్లో టీలోని కెఫీన్ త్వరగా ఖర్చవుతుంది. మానేశాక అదే నాలుగు గ్లాసుల టీ ఎక్కువసేపు నిలిచి గుండె దడ, టెన్షన్ తెస్తుంది. మనం నింద సిగరెట్ లేకపోవడం మీద వేస్తాం. మానిన రోజు నుంచే టీ సగం చేయండి. విసుగు మొదటి మూడు రోజులు గట్టిగా ఉంటుంది, నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది.

అమ్మగారి మాటకు మాత్రం నాకు భయమేసింది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగితే ఆ వేడంతా అంగిలికే తగులుతుంది. మన తీరం ఆడవాళ్ళలో అంగిలి కేన్సరు కనిపించేది ఆ అలవాటు వల్లే. మొదట్లో నొప్పి ఉండదు. ‘ఏం కాలేదు’ అనుకునేది అప్పుడే. ఈ ఆదివారం ఆవిడ్ని వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరిపించి, సెల్‌ఫోన్ లైటు వేసి పైకి చూడండి. తెల్లటి మందపాటి మచ్చలు, వాటి మధ్య ఎర్రచుక్కలు, మానని పుండు, ఏది కనిపించినా ఆ వారంలోనే పళ్ళ డాక్టరుకు చూపించండి. ఏమీ కనిపించకపోయినా ఒకసారి చూపించడమే మంచిది.

మీరు మళ్ళీ మానే రోజు ముందే పెట్టుకోండి, గమ్ అంతకుముందే కొని ఉంచండి. మాట సాయానికి ఉచిత క్విట్‌లైన్ 1800 11 2356 ఉంది, నంబరు మీ జేబులోని పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది. ఇక మీ బావకు ఈసారి ముందే ఫోన్ చేసి చెప్పండి, చేతిలో ఏదైనా పెట్టాలనిపిస్తే కిళ్ళీ పెట్టమని. పొగాకు లేనిది.