ఏథెన్స్‌లో ఒక్క రోజే ఉంటే ఏం చూడాలి?

ఏథెన్స్‌లో ఒక్క రోజే ఉంటా, ఒంటరిగా వెళ్తున్నా, బస్సులో ప్రాచీన పుణ్యక్షేత్రం డెల్ఫీకి వెళ్లి రావాలా, ఊళ్లోనే శిథిలాలూ మ్యూజియాలూ చూసుకోవాలా అని అడిగారు. నా మాట వింటే ఊళ్లోనే ఉండిపోండి. డెల్ఫీ గొప్పదే గానీ రానూపోనూ ఐదారు గంటలు బస్సుకే పోతాయి.

ముందు ఆక్రోపోలిస్ కొండ. పొద్దున ఎనిమిదికి తెరుస్తారు, ఆ మొదటి స్లాట్ టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసేసుకోండి. పడమటి మెయిన్ గేటు దగ్గర టూర్ గ్రూపుల జనం ఎక్కువ, అందుకని నేను ఆక్రోపోలి మెట్రో స్టేషన్ పక్కనున్న దక్షిణం గేటు నుంచి ఎక్కాను. పైన పాలరాయి జనం నడిచి నడిచి నున్నగా అరిగిపోయింది, చెప్పులైతే జారతారు. రాతి మీద చెయ్యి వేస్తే గార్డు ఈల వేస్తాడు. ఎథీనా దేవత గుడి పార్థెనాన్ చుట్టూ తిరగడమే, లోపలికి పోనివ్వరు. చర్చి అయింది, మసీదు అయింది, అయినా రెండు వేల ఏళ్లు దాదాపు నిలబడే ఉన్న గుడి, 1687లో ఒట్టోమన్లు అందులో మందుగుండు దాచడం, వెనీస్ సైన్యం పేల్చిన గుండు సరిగ్గా దాని మీదే పడడంతో ఇలా శిథిలమైపోయింది. మండు వేసవిలో వెళ్తుంటే వార్తలు చూసుకోండి, ఎండ మరీ ముదిరితే మధ్యాహ్నం మూసేస్తున్నారు.

కిందికి దిగగానే ఎదురుగా ఆక్రోపోలిస్ మ్యూజియం. కొండ చూశాకే ఇది చూడాలి, అప్పుడే ఏ ముక్క ఎక్కడిదో అర్థమవుతుంది. ఎరెక్థియన్ గుడి కప్పు మోసే ఆడపిల్లల విగ్రహాలు కొండ మీద ఉన్నవి నకళ్లు, అసలువి ఐదు ఇక్కడున్నాయి. ముఖాలు అరిగిపోయాయి గానీ వెనక్కి వెళ్లి చూడండి, జడలు పాయ పాయగా తెలుస్తాయి. ఆరోది లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, దాని చోటు అలాగే ఖాళీగా వదిలేశారు. పై అంతస్తులోనూ అంతే, అసలు రాళ్ల మధ్య, ఒట్టోమన్ల కాలంలో బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ మనుషులు ఊడదీసి పట్టుకుపోయిన వాటి బదులు తెల్లటి ప్లాస్టర్ అచ్చులు. మన అమరావతి శిల్పాలు కూడా అదే లండన్ మ్యూజియంలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మనకు కడుపుమంట ఇంకాస్త ఎక్కువే.

భోంచేసి, ఎండ తగ్గాక అగోరా, అంటే పాతకాలంలో ఊరి సంత, సభ జరిగిన మైదానం. అక్కడ అట్టాలస్ స్టోవా అనే పొడవాటి స్తంభాల వసారాలోని చిన్న మ్యూజియంలో కుండ పెంకులు కచ్చితంగా చూడండి. ప్రాచీన ఏథెన్స్‌లో నచ్చని నాయకుడి పేరు పెంకు మీద గీకి ఓటేస్తే, తగినన్ని ఓట్లు పడితే అతనికి పదేళ్లు ఊరి బహిష్కారం. ఆక్రోపోలిస్ వాలులో ఒక బావిలో అప్పటి నాయకుడు థెమిస్టోక్లిస్ పేరున్న పెంకులు 190 దొరికాయి, చేతిరాత చూస్తే రాసింది 14 మందే! ముందే రాసిపెట్టి జనానికి పంచడానికన్నమాట. పోలింగ్ రోజు మన పార్టీల హడావుడి చూసినవాళ్లకు నవ్వు ఆగదు. గ్రూపుతో వెళ్తే ఆ పెంకుల అద్దాల పెట్టె ముందు రెండు నిమిషాలు కూడా నిలబడనివ్వరు, ఒంటరిగా వెళ్లడంలో లాభం అదే.

నేషనల్ ఆర్కియాలజికల్ మ్యూజియానికి ఒక పూట కావాలి, అదే రోజు ఇరికించకండి. గ్రహణాలు లెక్కగట్టే ఆంటికిథెరా కంచు యంత్రం చూడాలని ప్రాణం కొట్టుకుంటుంటే మాత్రం అగోరా మానేసి అటు వెళ్లండి.

ఒక్కదాన్నే తిరిగినా పగలు ఎక్కడా టెన్షన్ అనిపించలేదు. మెట్రోలో, ముఖ్యంగా మొనాస్టిరాకి స్టేషన్‌లో, జేబుదొంగలుంటారు, బ్యాగు ముందుకు వేసుకోండి. శాకాహారులైతే గెమిస్టా అడగండి, అన్నం కూరిన టమాటాలూ క్యాప్సికమ్‌లూ, కాకపోతే కొన్నిచోట్ల కీమా కలుపుతారు, ఆర్డర్ ఇచ్చే ముందే కనుక్కోండి.