బోరు బండి కొనాలా, ఎమ్మెస్సీ చదివించాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. మా అబ్బాయి జియాలజీతో బీఎస్సీ చివరి ఏడాదిలో ఉన్నాడు. ఎమ్మెస్సీ చేస్తానంటాడు. మా బావమరిదికి బోరు బండి ఉంది. చదువు ఆపించి, అప్పు తెచ్చి ఇంకో బండి కొందాం, వాడికి వాటా ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఎమ్మెస్సీకే పంపండి. అప్పు చేసి బండి మాత్రం కొనకండి.

బోర్ల వ్యాపారంలో డబ్బు లేదని కాదు. తమిళనాడులోని తిరుచెంగోడు బోరు బండ్లకే పేరుపడ్డ ఊరు, అక్కడి రిగ్గులు దేశమంతా తిరుగుతాయి. కానీ వానలకు పొలం తడిస్తే బండి దిగదు, కిస్తీ మాత్రం ఆగదు. ఇంకో సంగతి: బండికి అడుగు లెక్కన డబ్బులొస్తాయి. నీళ్లు పడకపోయినా రైతు కట్టాల్సిందే. అలా ఎండిన బోర్లకే అప్పులపాలైన కుటుంబాలు మీ చుట్టుపక్కలే ఉన్నాయి. ఎక్కడ వేయకూడదో ధైర్యంగా చెప్పగల మనిషి అక్కడ కావాలి. మీవాడి చదువు అందుకు పనికొస్తుంది.

మీ జిల్లాలో ఎక్కువ భాగం గ్రానైటు, నైసు అనే గట్టి రాళ్లు. నీరుండేది పైన మెత్తబడిన పొరలో, కింద పగుళ్లలో. వాటిని వెతకడానికి నేలలో నాలుగు కడ్డీలు దిగ్గొట్టి, కరెంటు పంపి, భూమి దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలుస్తారు. కడ్డీల దూరం పెంచేకొద్దీ లోతు పొరల సంగతి తెలుస్తుంది. రీడింగు తగ్గిందంటే నీళ్లే అనుకోకూడదు, బంకమట్టీ అలాగే చూపిస్తుంది. ఆ తేడా పట్టుకోవడమే అసలు విద్య.

ఈ వేసవిలో మేనమామ బండి వెంట పంపండి. రాడ్డు మార్చినప్పుడల్లా బయటికొచ్చిన పొడి గుప్పెడు తీసి చూడమనండి. బూడిదరంగు మెత్తటి పిండి వస్తుంటే గట్టి రాయి. తుప్పు మరకల పలుకులు కనిపిస్తే పగులు తగిలి ఉండొచ్చు. మంచి మాస్కు తప్పనిసరి. రాతిదుమ్ముతో వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు నయం కాదు.

ఎమ్మెస్సీకి ఆంధ్ర, ఎస్వీ, ఉస్మానియా యూనివర్సిటీలు చూడండి. తర్వాత యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాస్తే కేంద్ర భూగర్భ జల మండలిలో హైడ్రోజియాలజీ (భూగర్భ జలాల శాస్త్రం) సైంటిస్టు కావచ్చు. వయసు 21 నుంచి 32 ఏళ్లు, రిజర్వేషన్ ఉంటే సడలింపు. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ప్రాజెక్టులు, రాష్ట్ర భూగర్భ జల శాఖ, ప్రైవేటు సర్వే సంస్థలు కూడా ఉన్నాయి. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలోనే ఆ పరీక్షకు దరఖాస్తు చేయొచ్చు కాబట్టి పాత ప్రశ్నపత్రాలు మొదటి ఏడాది నుంచే ముందేసుకోమనండి.