వేలు నొప్పంటే ఆ రోజు ఎక్కొద్దు

చిట్టీ,

సంక్రాంతిలోగా కర్ణాటకలోని బాదామి బండల మీద 7ఏ అనే కష్టమైన గ్రేడు దారి ఎక్కి తీరతానని పంతం పట్టావట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పటి నుంచి నాకు సంతోషం, టెన్షన్ రెండూ. బండలెక్కే పిచ్చి మన ఇంట్లో నాతోనే పోతుందనుకున్నాను, నువ్వు అందుకున్నావు.

తెలిసినవే అయినా చెప్తాను. ఎక్కే ముందు హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీ), ముడి, బీలే (కింద ఉన్నవాళ్లు తాడు పట్టి ఆపే ఏర్పాటు) ఒకరివొకరు చూసుకోండి. తాడు కొసన ముడి వేయండి. వాన పడితే బాదామి ఇసుకరాయి బాగా ఆరేదాకా ముట్టుకోవద్దు, తడి రాయి పెళుసుగా విరిగి చేతికొస్తుంది.

నా భయమంతా నీ వేళ్ల గురించే.

భువనగిరి గుట్ట మీద నాతో ఎక్కే స్నేహితుడొకడు ఉండేవాడు. నాకన్నా బలం, నాకన్నా పట్టుదల. వాడూ నీలాగే ఒక గ్రేడు, ఒక తేదీ పెట్టుకున్నాడు. ఉంగరం వేలి మొదట్లో సన్నగా నొప్పి మొదలైంది. టేపు చుట్టుకుని ఎక్కేవాడు. "తేదీ దగ్గరపడిందిరా, అయ్యాక రెస్టు తీసుకుంటా" అనేవాడు. ఆ రోజు ఒక సన్నటి అంచును వేళ్లు మడిచి, పైన బొటనవేలు నొక్కి పట్టుకున్నాడు. కాలు జారింది. ఒంటి బరువంతా ఆ వేళ్ల మీద పడింది. కింద బీలే చేస్తున్న నాకు టప్‌మని వినిపించింది, ఎక్కడో పుల్ల విరిగిందనుకున్నాను. కిందికి దింపాక చూస్తే మంచినీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేకపోయాడు.

వేలి స్నాయువును ఎముకకు ఆనించి ఉంచే పట్టీలుంటాయి, ప్యాంటుకు బెల్టు లూపుల్లాగా. పుల్లీలంటారు. తెగింది అదే. కండ వారాల్లో బలపడుతుంది, ఈ పట్టీలకు నెలలు, ఏళ్లు కావాలి. జిమ్‌లో ఎక్కే గోడ మీద నీకు బలం తొందరగా వచ్చిందంటున్నారు కాబట్టే నాకీ దిగులు. వాడు తర్వాత మళ్లీ ఎక్కాడు కానీ ఆ వేలిని ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు.

7ఏ వదిలేయమనడం లేదు. ముందు మెట్లు పెట్టుకో. 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదలుపెట్టింది మన భువనగిరి బండ మీదే. తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్ చలి, ఆ తర్వాతే ఎవరెస్ట్.

ఈ నెల నీ లక్ష్యం పాదం. పెట్టిన పాదం మళ్లీ సర్దుకోకుండా, చప్పుడు రాకుండా ఎక్కాలి. భువనగిరి వాలుబండ మీద చాలాచోట్ల చేతికేమీ దొరకదు, షూ రబ్బరును నమ్మి నిలబడాలి. పొద్దున్నే వెళ్లు, ఎండెక్కితే జారుతుంది. వచ్చే నెల, బీలే చేసేవాళ్లకు ముందే చెప్పి, తాడు తగిలించిన బోల్టు (రాయిలో దిగేసిన కొక్కెం) దాటి కాస్త పైకెక్కి, అక్కణ్ణుంచి తాడు మీద పడటం ప్రాక్టీస్ చెయ్యి. పడతామన్న భయంతోనే అవసరానికి మించి బిగించి పట్టుకుంటాం, వేళ్లు పాడయ్యేది అక్కడే. ఆ తర్వాత 7ఏ కన్నా తేలికైన 6బిలు, 6సిలు రకరకాలవి ఎక్కు. గట్టిగా ఎక్కాక రెండు రోజులు వేళ్లకు సెలవు.

మీ అమ్మమ్మ వేళ్లే వచ్చాయి నీకు, సన్నగా, పొడుగ్గా. తిట్టేది అందుకేరా.

డిసెంబరులో బాదామికి నేనూ వస్తాను, బీలే నేనే చేస్తాను. వేలు నొప్పి అన్న మాట నీ నోట వచ్చిందా, ఆ రోజు తాడు సంచిలోంచి తీసేది లేదు. సంక్రాంతి దాటిపోతే ఫిబ్రవరి ఉంది. టికెట్లు బుక్ చేసే ముందు నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య